ఇంటికి రెండవ బండి



క్రిందటి నెల యీ శీర్షికలో వేసవి యూరగాయలను గూర్చి ముచ్చటించితిమి. ఈ నెల కారును గూర్చి వ్రాయబూనగా మావారు నవ్వి, "ఏమిది! వంటయింటినుండి వీథిలోనికి వచ్చితివా?" యనిరి. వీథిపనులలో సగము వంటయింటనే పుట్టునని మీకు మేము వేఱుగ చెప్పనక్కఱలేదు. మందులు తెచ్చుట, పిల్లను బడినుండి తీసికొనివచ్చుట, పెద్దలను వైద్యునియొద్దకు గొనిపోవుట, ఇవి యన్నియు గృహకృత్యములే. కావున ఒక పాత విద్యుత్ కారును ఇంటికి రెండవ బండిగా నుంచుకొనుట ఎంతవరకు మేలో, మాకు రెండేండ్ల యనుభవమున తెలిసినంత యిచ్చట విన్నవించుచున్నాము.

మేముండు గ్రామము తెనాలికి 9 కిలోమీటర్ల దూరమున నున్నది. మావారు రేపల్లెవైపున ఒక పాఠశాలలో ఉపాధ్యాయులు. బస్సు వేళలు కుదురకపోవుటచే పెట్రోలు కారులో ఉదయము 8 గంటలకు వెడలి సాయంకాలమునకు గాని తిరిగిరారు. మూడేండ్ల క్రిందట మా యత్తగారికి మూత్రపిండములు చెడి, వారమునకు మూడుసారులు డయాలసిస్ చేయింపవలసి వచ్చెను. మంగళ, గురు, శనివారములలో 11 గంటలకు తెనాలిలో ఉండవలెను. యంత్రముకడ నాలుగు గంటలు పట్టును. లేచినపిమ్మట ఆమెకు నిలుచుటకైన నోపిక యుండదు. స్కూటరుపై కూర్చుండజాలరు. ఆటోకు రానుపోను 400 రూపాయలు.

ఒక శనివారము ఆమె తలనొప్పి యని పండుకొనిరి. మఱి రెండు వారములకు, చుట్టములు వత్తురని చెప్పి గురువారము మానిరి. మేమును నమ్మితిమి. ఒకనాటి రాత్రి ఆమె మా చిన్నదానితో నెలకు పదమూడు పర్యాయములు, పర్యాయమునకు నాలుగువందలు, మొత్తమెంత యని లెక్క చెప్పించుకొనుచుండగా మా చెవిని బడెను. 5,200 రూపాయలు ఆటోకే పోవుచున్నవని మథనపడి, ఆ పెద్దతల్లి తన చికిత్సను మానుకొని మాకు ధనము కూడబెట్టుచుండిరి! ఆ రాత్రియే మావారితో, "ఇంటికి ఇంకొక బండి కావలెను, దానిని మేమే నడుపుకొందుము" అని చెప్పితిమి.

క్రొత్తకారు మాటయే లేదు. మాయొద్ద నున్నది అయిదేండ్లు కట్టిన చీటీ సొమ్ము మాత్రమే. పాత పెట్రోలు బండి యొకటి చూచితిమి గాని, నిత్యము పెట్రోలు పోయవలయునన్న మా యత్తగారు మరల లెక్కలు మొదలిడుదురని భయపడితిమి. అప్పుడు మావారి స్నేహితులొకరు ఏడేండ్ల వయసుగల చిన్న విద్యుత్ కారు అమ్మకమునకు వచ్చినదని చెప్పిరి. ఇరుగుపొరుగు వారందఱు వలదనిరి. "ఒకరు వాడి పాఱవైచిన బ్యాటరీని మీరు కొనుటయా?" యని అడిగిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ఇట్టి కారులో అన్నిటికంటె వెలగలది బ్యాటరీయే. అది ఏటేట కొంత బలము గోల్పోవును. ఎంత తఱచుగా నింపి ఖాళీ చేసితిమో, ఎంత యెండలో నుంచితిమో, దానినిబట్టి యా తఱుగుదల పెరుగును.

మీరు భారతములో నలోపాఖ్యానము చదివియే యుందురు. ఋతుపర్ణుడు ఒక్క దినములో విదర్భకు పోవలెనన్నప్పుడు, బాహుకుడను పేర నున్న నలుడు చూపునకు బక్కవైన గుఱ్ఱములను ఎన్నుకొనెను. ఇవి యంతదూరము పోగలవా యని రాజు శంకించెను. నలుడు చూచినది కండను గాదు, లక్షణములను. ఆ ఋతుపర్ణునికో, చెట్టును చూచి ఆకులను, కాయలను లెక్కచెప్పు విద్య తెలియును. పాతబండిని కొనువారికి ఆ యిరువురి విద్యలును కావలెను. లక్షణములు చూడవలెను, లెక్కయు వేయవలెను.

అమ్మజూపినవాడు, ఒక్కసారి ఛార్జింగు చేసిన నూఱు కిలోమీటర్లు పోవునని ప్రమాణము చేసెను. మేము మాటకు మాట చెప్పక, ఒక ఆదివారము బ్యాటరీని నిండుగా నింపించి, మావారును మేమును కాలువగట్టు దారిని బయలుదేఱితిమి. ఏ.సి. వేసితిమి. మధ్యాహ్నపు టెండ. వెనుక మా యత్తగారి బరువునకు సరిగా బియ్యపు బస్తా నుంచితిమి. 52 కిలోమీటర్లు తిరిగి వచ్చునప్పటికి బ్యాటరీలో నూటికి 18 వంతులు మిగిలెను. అనగా 82 వంతులకు 52 కిలోమీటర్లు. మొత్తము సుమారు 63. నూఱు కాదు. ఈ కాగితము ముందుంచగా అమ్మువాని ప్రమాణము చల్లబడెను, వెలయు తగ్గెను. 1,70,000 రూపాయలకు కొంటిమి.

ఇచ్చట మీరు గమనింపవలసిన సంగతి యొకటి గలదు. ఇంటికి ఒక్కటే బండి యైనచో 63 కిలోమీటర్ల బండి నిరుపయోగము. పెండ్లికి గుంటూరు పోవలెనన్న మాకు రానుపోను 70 కిలోమీటర్లు. కాని యిది రెండవ బండి. దీనికి మే మప్పగించిన పని రానుపోను 18 కిలోమీటర్లు, బడికిని బజారునకును పోయిన దినమున ఇంకొక 6. ఎండకు, వానకు, ఏ.సి.కి, వయసునకు నాలుగవ వంతు తీసివేసినను 47 మిగులును. కావలసినదానికి దాదాపు రెట్టింపు. దూరప్రయాణము వచ్చిన ఆదివారమునాడు పెట్రోలు కారు ఇంటనే యుండును. లేనియెడల తెనాలినుండి గుంటూరునకు రైలు గలదు. పని చిన్నదైనప్పుడు తఱిగిన బలము లోపము కాదు. వెల తగ్గించు సదుపాయము.

విద్యుత్ కారు నేటి వింత యని తలపవలదు. నూఱేండ్ల క్రిందటనే అమెరికాలో ఇవి విరివిగా తిరిగినవి. పెట్రోలు కారును కదలింపవలెనన్న ముందర ఇనుపపిడి పట్టి బలముకొలది త్రిప్పవలసియుండెను. అది యెదురుతన్నిన మణికట్టు విఱుగుటయు గలదు. అందుచే విద్యుత్ బండ్లను స్త్రీలకు తగినవని ప్రకటనలు చేసి అమ్మెడివారు. పెట్రోలు కార్లతో లోకమును నింపిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారాగారు తాము మాత్రము 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ బండిని నడుపుకొనెడివారు! 1912లో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు క్యాడిలాక్ కారులో అమరినపిమ్మట ఆ యినుపపిడి బాధ తీఱెను. విద్యుత్ బండ్లు వెనుకబడెను. మన దేశమున 2001లో బెంగుళూరునుండి రేవా యను చిన్న కారు వెలువడెను. లండను వీథులలో అదియే జీ-విజ్ యను పేర తిరిగెను. మొదట దానిలో నుండినవి సీసపు బ్యాటరీలు. వానికి శుద్ధజలము పోయుచుండవలెను. లిథియము బ్యాటరీలు వచ్చినపిమ్మట ఆ పని తప్పెను. 2013లో మహీంద్రావారి ఈటూఓ, 2020లో టాటావారి నెక్సాన్ ఈవీ వచ్చినవి. ఇట్లు వచ్చిన బండ్లే ముందుకొన్నవారి చేతులు మాఱి నేడు మనవంటివారి గుమ్మములకు చేరుచున్నవి.

మేము మూడుపదులు దాటినపిమ్మట నడుప నేర్చితిమి. లెర్నరు లైసెన్సు పొంది, నెల గడచినపిమ్మట పరీక్ష యిచ్చితిమి. క్లచ్చు లేదు, గేర్లు మార్చు పని లేదు. ఒక కాలితో నడుపుట, నిలుపుట. చప్పుడు లేకపోవుటయే మొదట మాకు భయము గొల్పెను. మనకు వినబడదు, ముందు నడచువారికిని వినబడదు. సందులలో పిల్లలు, ముసలివారు వెనుకకు చూడకయే యడ్డము వత్తురు. కనుక ఊరిలో నడకకంటె కొంచెము వేగముగా మాత్రమే పోవుదుము.

ఛార్జింగు విషయమున లోభము పనికిరాదు. ఫోను తగిలించు ప్లగ్గు దీనికి చాలదు. మీటరునుండి వేఱుగ మంచి తీగ లాగించి, 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి ప్రత్యేకముగ ఎం.సి.బి. పెట్టింపవలెను. ఎర్తు సరిగా నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయింపవలెను. ఎక్స్‌టెన్షను తీగ కూడనే కూడదు. తగిలించిన అరగంటకు ప్లగ్గుదగ్గఱ చేయి యుంచి చూడుడు. గోరువెచ్చన ఫరవాలేదు, చుఱుక్కుమన్న వెంటనే ఆపి సాకెట్టు మార్పింపవలెను. వదులుగా నున్న సాకెట్టు కరగి మంటలు పుట్టవచ్చును. బండిని నీడను నిలుపుడు. ఎండను పడి వచ్చినవెంటనే తగిలింపక రాత్రి చల్లబడినపిమ్మట తగిలించుట మేలు. పూర్తిగా సున్నవఱకు దింపవలదు. ఖాళీచేసి వారములకొలది వదలవలదు.

ఇక మాకు గలిగిన యాపదను చెప్పెదము. కొన్న యేడాదికి ఒక మంగళవారము ఉదయము బండి తలుపు మీటకు తెఱచుకొనలేదు. తాళపుచెవితో తెఱచితిమి. లోపల దీపము లేదు, చప్పుడు లేదు. రాత్రియంతయు ఛార్జింగున నున్న బండి! మావారు బడికి వెడలిపోయిరి. శనివారమునుండి మంగళవారము వఱకు గల యెడము వారములో అన్నిటికంటె పెద్దది; ఆ మంగళవారము తప్పుట మిక్కిలి ప్రమాదమని వైద్యులు ముందే హెచ్చరించిరి. మా యత్తగారు అరుగుపై చెంగు కప్పుకొని కూర్చుండి, "పోనీ అమ్మాయీ, ఈ యొక్కనాటికి మానుకొందము" అనిరి. ఆ మాట వినుటకు భయపడియే కదా మేము బండిని కొన్నది! పరుగున పోయి నాలుగిండ్లవతల ఆటో అబ్బాయిని లేపుకొని వచ్చి, గంట యాలస్యముగా ఆమెను చేర్చితిమి.

బండిని ఒక మరమ్మతుశాలకు త్రాడుకట్టి తీసికొనిపోయిరి. అచ్చటివారు మూత తెఱవకయే, "పెద్ద బ్యాటరీ పోయినదమ్మా, రెండు లక్షలపైమాట" యని చెప్పిరి. బండి వెలకంటె నెక్కువ! రెండు రాత్రులు మాకు నిద్రలేదు. చీటీ సొమ్మంతయు నీట గలిసెనని మాత్రమే కాదు. మా యత్తగారు మరల లెక్కలు వేయుదురని. మూడవనాడు, ఊరిలో ట్రాక్టర్లకు, ఇన్వర్టర్లకు బ్యాటరీలు అమ్ము పెద్దాయనను మావారు వెంటబెట్టుకొనివచ్చిరి. ఆయన విద్యుత్ కారు నెన్నడు విప్పియెఱుగరు. ఐనను తన చిన్న యంత్రమును తెచ్చి, బండిలో నొకమూల నున్న 12 వోల్టుల చిన్న బ్యాటరీకి తగిలించి చూచి, "అమ్మా, ఇది చచ్చినది. పెద్దదానిని మేలుకొలుపునది యిదియే" యనిరి. నాలుగువేల రూపాయలతో క్రొత్తది వేసిన వెంటనే బండి కన్నుదెఱచెను.

ఇది మీరందఱు గుర్తుంచుకొనవలసిన సంగతి. పెక్కు విద్యుత్ కార్లలో రెండు బ్యాటరీలుండును. పెద్దది చక్రములను త్రిప్పును. చిన్నది దీపములను, తాళములను చూచుకొని, పెద్దదానిని పనిలోనికి పిలుచును. చిన్నది నీరసించిన, పెద్దది నిండుగా నున్నను బండి కదలదు. గాదెనిండ ధాన్యమున్నను గాదె తాళపుచెవి పోయినట్లు! చిన్నదానిని మూడునాలు గేండ్లకొకసారి మార్పించుచుండుట మేలు. పెద్దది పోయినదని యెవరైన చెప్పిన, చిన్నదానిని పరీక్షించితిరా యని మొదట అడుగుడు.

ఇప్పుడు జమాఖర్చులు. ద్రౌపది సత్యభామతో ముచ్చటించుచు, పాండవుల రాబడియు వ్యయమును తానొక్కతెయే యెఱుగుదునని చెప్పుకొన్నది గదా! మనకా చిన్న సంసారపు లెక్క కష్టము కాదు. మా యింటి మీటరునుబట్టి ఒక యూనిటునకు బండి 7 కిలోమీటర్లు పోవుచున్నది. నెలకు 420 కిలోమీటర్లు. అనగా 60 యూనిట్లు. యూనిట్లు హెచ్చినకొలది ధరయు హెచ్చును గనుక యూనిటు 9 రూపాయల చొప్పున వేసితిమి, 540 రూపాయలైనవి. ఇన్సూరెన్సు, టైర్లు, చిల్లర మరమ్మతులు నెలసరి పంచి చూడగా 1,300. పెద్ద బ్యాటరీ యెన్నటికైన పోవునని నెలకు 1,500 వేఱుగ పోస్టాఫీసులో వేయుచున్నాము. మొత్తము 3,340. ఆటోకు పోయిన 5,200లో నుండి తీసివేసిన మిగులు 1,860. ఈ మిగులుతో 1,70,000 తిరిగి రావలెనన్న ఏడున్నర యేండ్లు పట్టును. బండి అంతకాలముండునని మేము పందెము కట్టము.

కావున సోదరీమణులారా, ధనము మిగులునని మాత్రమే పాత విద్యుత్ కారును కొనవలదు. అట్లు చెప్పువారి మాట నమ్మవలదు. మాకు గలిగిన లాభము మఱియొకచోట నున్నది. ఆటోవానికి చేతిలో నాలుగునోట్లు పెట్టుట ప్రతిసారి కనబడు ఖర్చు. అది మా యత్తగారి కంటికి గుచ్చుకొనుచుండెను. మీటరు తిరుగుట కంటబడదు. బండి వచ్చిననాటినుండి ఆమె ఒక్క పర్యాయమైనను తలనొప్పి యనలేదు, చుట్టములు వత్తురనలేదు. ఈ లాభమునకు వెల కట్ట మాకు చేతగాదు.

కొనదలచినవారికి నాలుగు మాటలు. ముందుగా ఏడు దినములు, పాలలెక్క వ్రాయు పుస్తకములోనే, మీ యింటివారు పోయిన దూరములను వ్రాసికొనుడు. అందులో అన్నిటికంటె పెద్దదినమునకు రెట్టింపు దూరము పోగల బండి చాలును. బ్యాటరీని నింపించి, ఏ.సి. వేసి, మీ దారినే నడిపిచూడక బయానా ఇయ్యవలదు. నేటి క్రొత్త బండ్లలో పెక్కింటికి బ్యాటరీపై 8 సంవత్సరములు లేక 1,60,000 కిలోమీటర్లు హామీ యిత్తురు; అది రెండవ యజమానికి వర్తించునో లేదో కాగితమున చూచుకొనుడు. ఆ తెగ బండ్లకు విడిభాగములు దొరకు చోటు, మరమ్మతు తెలిసిన మనిషి మీ చెంత నున్నారేమో విచారింపుడు. ఇంటిలో సాకెట్టు పెట్టు వసతి లేనివారు, అద్దె వాటాలలో నుండువారు, ఇంటియజమాని యనుమతి పొందినపిమ్మటనే బేరమాడుడు. వఱదనీటిలోనికి బండిని దింపవలదు.

మొన్న గురువారము తెనాలినుండి వచ్చి బండికి ప్లగ్గు తగిలించుచుండగా, అరుగుపై జేరగిలబడిన మా యత్తగారు చూచి నవ్విరి. "అమ్మాయీ, నన్ను అక్కడ తగిలింతురు, దీనిని ఇక్కడ తగిలింతురు. ఇద్దఱము పాతవారమే. ఐనను రేపు మాగాయ కలుపుట నాదే; ముక్కలు తెచ్చుట దానిది" యనిరి. ఉప్పు పాలు ఇప్పటికిని ఆమెయే చెప్పుదురు; ఆ పాళము మా కింకను రాలేదు.